హావర్త్ ఇంటి బొమ్మలు, బ్రాంటీల కుటుంబ నవలలు

ఉత్తర ఇంగ్లాండులోని యార్క్‌షైర్‌లో, గాలి ఎడతెగకుండా వీచే బీడు కొండల అంచున హావర్త్ అనే ఊరు ఉంది. పందొమ్మిదో శతాబ్దపు తొలి సగంలో ఆ ఊరి బతుకంతా ఉన్ని మీదే నడిచింది. కొందరు ఇళ్లలో ఉన్ని దువ్వేవారు, కొందరు వాగుల పక్కన వెలిసిన మిల్లుల్లో పనిచేసేవారు. 1820లో పాట్రిక్ బ్రాంటీ అనే ఐర్లండు వాడు ఆ ఊరి చర్చికి పాస్టరుగా వచ్చి, సమాధులకు ఆనుకుని ఉన్న రాతి ఇంట్లో కాపురం పెట్టాడు. 1847, 1848 సంవత్సరాల్లో ఆ ఇంటి నుంచే 'జేన్ ఎయిర్', 'వుదరింగ్ హైట్స్', 'ఆగ్నెస్ గ్రే', 'ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్' అనే నాలుగు నవలలు లోకంలోకి వచ్చాయి. వాటిని రాసిన ముగ్గురూ అక్కచెల్లెళ్లు.

ఈ నవలల పుట్టుక గురించి చెప్పేటప్పుడు బీడు కొండలు, ఒంటరితనం, వరుస చావులు సాధారణంగా ముందుకొస్తాయి. ఇంటిలోపల ఇరవై ఏళ్లపాటు సాగిన ఒక అలవాటుకు మాత్రం తగినంత చోటు దక్కలేదు. ఆ ఇంటి నలుగురు పిల్లలూ చిన్ననాటి నుంచి బొమ్మలు గీశారు. ఒకరి బొమ్మకు మరొకరు కథ కట్టారు, ఒకరి కథకు మరొకరు బొమ్మ వేశారు. షార్లెట్, బ్రాన్‌వెల్, ఎమిలీ, ఆన్‌ల నవలాభ్యాసం రాతతో పాటు గీతతోనూ జరిగింది.

తల్లి లేని ఇల్లు

పాట్రిక్, మరియా దంపతులకు ఆరుగురు పిల్లలు. 1821 సెప్టెంబరులో మరియా చనిపోయేనాటికి చివరి పిల్ల ఆన్‌కు రెండేళ్లు కూడా నిండలేదు. తల్లి అక్క ఎలిజబెత్ బ్రాన్‌వెల్ ఆ ఇంట్లోనే ఉండిపోయి పిల్లల్ని పెంచింది. 1824లో నలుగురు ఆడపిల్లల్ని కోవన్ బ్రిడ్జిలో పాస్టర్ల కుమార్తెల కోసం పెట్టిన బడికి పంపారు. అక్కడ జబ్బుపడి ఇంటికి వచ్చిన పెద్దక్కలు మరియా, ఎలిజబెత్‌లు 1825లో నెలన్నర తేడాలో చనిపోయారు. షార్లెట్‌ను, ఎమిలీని తండ్రి ఇంటికి తెచ్చేసుకున్నాడు. తొమ్మిదేళ్ల షార్లెట్ ఆ రోజు నుంచి పెద్దక్క అయింది. ఆమెకు ఏడాది చిన్నవాడైన బ్రాన్‌వెల్ ఒక్కడే మగపిల్లవాడు. ఎమిలీ, ఆన్ అతని చెల్లెళ్లు.

చావు ఆ ఊరికి కొత్త కాదు. మురుగు పారుదల, మంచినీరు ఎలా ఉన్నాయో పరిశీలించడానికి ప్రభుత్వం పంపిన బెంజమిన్ హెర్షెల్ బాబేజ్ 1850లో ఇచ్చిన నివేదిక ప్రకారం హావర్త్‌లో చనిపోయినవారి సగటు వయసు 26 ఏళ్ల లోపే. పుట్టిన పిల్లల్లో 41 శాతానికి పైగా ఆరేళ్లు నిండకముందే కన్నుమూసేవారు. అలాంటి ఊళ్లో మిగిలిన నలుగురు తోబుట్టువులు ఒకరికొకరు తోడయ్యారు. తండ్రి పుస్తకాలకు, పత్రికలకు అడ్డు చెప్పలేదు. చిన్న జీతంలోనే బొమ్మలు నేర్పే మాస్టర్లనూ పెట్టించాడు.

చెక్క సైనికులు, అరచేతి పుస్తకాలు

1826 జూన్‌లో పాట్రిక్ లీడ్స్ నగరం వెళ్లి వస్తూ కొడుకు కోసం పన్నెండు చెక్క సైనికుల పెట్టె తెచ్చాడు. మూడేళ్ల తర్వాత షార్లెట్ ఆ ఉదయం గురించి రాసి పెట్టింది. ఆమె ఒక బొమ్మను తీసుకుని దానికి డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ అని పేరు పెట్టింది. బ్రాన్‌వెల్ తన బొమ్మను బోనపార్టీ అన్నాడు. ఎమిలీ, ఆన్ కూడా చెరొకటి ఎంచుకున్నారు. ఆ బొమ్మల చుట్టూ ఆట పుట్టింది, ఆట చుట్టూ కథ పెరిగింది, కథకు ఒక దేశం కావలసి వచ్చింది.

ఆ దేశానికి గ్లాస్ టౌన్ అని పేరు. పిల్లలు దాన్ని పశ్చిమ ఆఫ్రికా తీరంలో ఊహించారు. ఇంటికి వచ్చే 'బ్లాక్‌వుడ్స్' పత్రికలో యాత్రికుల వ్యాసాలు, ఆఫ్రికా పటాలు అచ్చయ్యేవి. వాటిని చదివి పన్నెండుగురు ఇంగ్లీషు వీరులు అక్కడ దిగి, అశాంటీ అనే జాతితో యుద్ధం చేసి, రాజ్యాలు స్థాపించినట్టు అల్లుకున్నారు. నాటి బ్రిటన్ సామ్రాజ్య దాహం ఈ ఆటలో పచ్చిగా కనిపిస్తుంది. దేశం ఎలా ఉంటుందో నలుగురికీ ఒకేలా తెలియాలి కాబట్టి బ్రాన్‌వెల్ దాని పటం గీశాడు. 1830, 1831 నాటి అతని 'హిస్టరీ ఆఫ్ ది యంగ్ మెన్' రాతకు ఆ పటం ముఖచిత్రంగా ఉంది. నలుగురి రాజ్యాలూ, నదులూ, కొండలూ ఆ పటంలో హద్దులతో సహా ఉన్నాయి. తర్వాతి కథలన్నీ ఆ పటం మీదే నడిచాయి.

ఈ పిల్లలు తయారుచేసిన పుస్తకాలు ఇప్పుడు ప్రపంచ ప్రసిద్ధం. పంచదార సంచుల కాగితం, గోడకు అంటించే కాగితం, పనికిరాని కాగితపు ముక్కలు కత్తిరించి, మడిచి, సూదీదారంతో కుట్టేవారు. చెక్క సైనికులు చదువుకోవాలి కదా అని వాటి కొలతకు తగ్గట్టు పుస్తకాలు చేశారు. అచ్చు అక్షరాల్లా కనిపించేలా ఎంత సన్నగా రాశారంటే నేడు వాటిని చదవడానికి భూతద్దం కావాలి. 1827 మార్చి నాటికి తొమ్మిదేళ్ల బ్రాన్‌వెల్ ఒక యుద్ధాల పుస్తకం చేశాడు. అందులో రాత కంటే నీటిరంగుల బొమ్మలకే చోటు ఎక్కువ.

షార్లెట్ రాతల్లో మిగిలిన వాటిలో మొదటిదిగా లెక్కించేది కూడా బొమ్మల పుస్తకమే. సుమారు 1828లో ఆమె దాన్ని చిట్టి చెల్లెలు ఆన్ కోసం చేసింది. కథలో అమ్మాయి పేరు కూడా ఆన్. ఆమె తల్లిదండ్రులతో కోట చూడటానికి వెళ్తుంది, ఓడ ఎక్కుతుంది. ఓడలో తల్లికి జబ్బు చేస్తే దగ్గరుండి సేవ చేస్తుంది. కథకు పక్కనే కోట, ఓడ వంటివి చిన్న చిన్న నీటిరంగు బొమ్మలుగా ఉన్నాయి. తల్లి ముఖం గుర్తులేని చెల్లెలికి ఒక అక్క రాసి, గీసి ఇచ్చిన కుటుంబ కథ అది. షార్లెట్ రచనా జీవితం అక్కడ మొదలైందని చెప్పడం న్యాయం.

1829లో బ్రాన్‌వెల్ తన పేరు మీద ఒక చిట్టి పత్రిక మొదలుపెట్టాడు. కొన్ని నెలలకే దాని సంపాదకత్వం షార్లెట్ చేతికి వచ్చింది, తర్వాత అది 'యంగ్ మెన్స్ మ్యాగజైన్' అయింది. అందులో కథలు, పద్యాలు, సమీక్షలు, ప్రకటనలు అన్నీ ఉండేవి. లేని చిత్రకారులు వేసిన లేని బొమ్మల మీద వాళ్లు విమర్శలు కూడా రాశారు. ఒక బొమ్మను మాటల్లో పెట్టే సాధన ఆ పత్రికలోనే బాగా సాగింది.

చూసి గీయడం

ఆ కాలంలో ఇంగ్లాండులో మధ్యతరగతి పిల్లలు బొమ్మలు నేర్చుకునే పద్ధతి ఒకటే. అచ్చు బొమ్మను ఎదురుగా పెట్టుకుని గీతకు గీత దించాలి. రాగి, ఉక్కు ఫలకాల మీద చెక్కి అచ్చువేసిన చిత్రాలు పత్రికల్లో, కానుక పుస్తకాల్లో వచ్చేవి. షార్లెట్ కళ్లకు చూపు తక్కువ. అయినా కాగితానికి ముఖం ఆనించి ఒక్కొక్క చుక్కా పెడుతూ ఆ చిత్రాలకు నకళ్లు తీసేది. ఒక్కో బొమ్మకు నెలలు పట్టేవి. కొన్నాళ్లు ఆమె చిత్రకారిణి కావాలనే ఆశతోనే ఉందని 1857లో ఆమె జీవిత చరిత్ర రాసిన ఎలిజబెత్ గాస్కెల్ నమోదు చేసింది.

పిల్లలకు బాగా నచ్చిన పుస్తకం థామస్ బ్యూయిక్ రాసిన బ్రిటన్ పక్షుల చరిత్ర. పక్షుల బొమ్మలతో పాటు ప్రతి అధ్యాయం చివరా బ్యూయిక్ ఒక చిన్న దృశ్యాన్ని చెక్క మీద చెక్కాడు. వాన కురిసే దారి, విరిగిన పడవ, సమాధి పక్కన మనిషి వంటి దృశ్యాలవి. అక్కడ కథ చెప్పడు, చూసేవాడే ఊహించుకోవాలి. నలుగురూ వాటిని చూసి గీశారు.

ఇంటి గోడల మీద జాన్ మార్టిన్ చిత్రాల అచ్చు ప్రతులు వేలాడేవి. ఆకాశాన్ని అంటే గోపురాలు, మెరుపులు, కూలుతున్న నగరాలు, వాటి కింద చీమల్లాంటి మనుషులు మార్టిన్ చిత్రాల తీరు. గ్లాస్ టౌన్ రాజధాని వెర్డోపొలిస్ వర్ణనల్లో అవే స్తంభాలు, అవే మెట్లు, అదే పొగ కనిపిస్తాయి. అంతదాకా చూడని నగరాన్ని పిల్లలు గోడ మీది బొమ్మలోంచి కట్టుకున్నారు.

తమ్ముడికి రంగులు, అక్కచెల్లెళ్లకు పెన్సిలు

కీత్లీ పట్టణం నుంచి జాన్ బ్రాడ్లీ వచ్చి పిల్లలకు బొమ్మలు నేర్పాడు. తర్వాత లీడ్స్ చిత్రకారుడు విలియం రాబిన్‌సన్ వచ్చాడు. అతను ప్రసిద్ధ చిత్రకారుడు థామస్ లారెన్స్ దగ్గర నేర్చుకున్నవాడు. 1834లో లీడ్స్‌లో జరిగిన ఒక ప్రదర్శనలో షార్లెట్ గీసిన రెండు పెన్సిల్ చిత్రాలు పెట్టారు. ఒకటి బోల్టన్ మఠం, రెండోది కర్క్‌స్టాల్ మఠం. నలుగురిలో ప్రజల ముందు బొమ్మ ప్రదర్శించిన మొదటి వ్యక్తి ఆమే.

అయినా చిత్రకళను వృత్తిగా చేసుకునే దారి బ్రాన్‌వెల్‌కే తెరిచారు. ఆడపిల్లకు బొమ్మలు గీయడం సంగీతం, కుట్టుపని లాంటి ఒక అలంకారం, గవర్నెస్ ఉద్యోగానికి ఒక అర్హత. మగపిల్లవాడికి అది జీవనోపాధి కావచ్చు. అందుకే తైలవర్ణాలు, కాన్వాసు, మాస్టరు సమయం అతనికే ఎక్కువ దక్కాయి. 1835లో అతను లండన్ రాయల్ అకాడమీకి రాయబోయిన ఉత్తరం చిత్తుప్రతి మిగిలింది. ఆ బడిలో అతను చదవలేదు. 1838లో బ్రాడ్‌ఫర్డ్‌లో రూపచిత్రాలు వేసే గది తెరిచాడు. ఏడాది తిరగకముందే అప్పులతో ఇంటికి వచ్చేశాడు.

అక్కాతమ్ముళ్లిద్దరి కథలు మాత్రం ఆ ఏళ్లలో జోరుగా సాగాయి. 1834 నుంచి వాళ్ల కల్పిత రాజ్యం అంగ్రియా. షార్లెట్‌కు ప్రియమైన నాయకుడు జమోర్నా, అందగాడు, నిర్దయుడు. బ్రాన్‌వెల్ నాయకుడు నార్తంగర్లాండ్, ఒకప్పటి సముద్రపు దొంగ, తిరుగుబాటుదారు, తాగుబోతు. షార్లెట్ జమోర్నానూ అతని చుట్టూ ఉన్న స్త్రీలనూ పెన్సిలుతో, నీటిరంగులతో గీసుకునేది. తర్వాత అదే నుదురు, అదే కన్ను, అదే పెదవి ఒంపు మాటల్లో వచ్చేవి. ముఖాన్ని భాగాలుగా చూసి స్వభావం చెప్పే ఆమె నవలా పద్ధతి ఇక్కడి నుంచి వచ్చింది.

నార్తంగర్లాండ్‌కు తండ్రి ప్రేమ దక్కని ఇద్దరు కొడుకుల్ని కూడా బ్రాన్‌వెల్ సృష్టించాడు. అన్న ఎడ్వర్డ్ ఉన్ని వ్యాపారంలో ఎదిగినవాడు, తమ్ముణ్ణి గుమాస్తాలా చూసేవాడు. షార్లెట్ తన మొదటి నవల 'ది ప్రొఫెసర్'లో ఎడ్వర్డ్, విలియం క్రిమ్స్‌వర్త్ అనే అన్నదమ్ముల్ని ఈ జంట నుంచే తీసుకుంది. తమ్ముడి కల్పన, ఊరి ఉన్ని వ్యాపారం కలిసి అక్క నవలలో కుటుంబ కలహంగా మారాయి.

1839 ప్రాంతంలో షార్లెట్ అంగ్రియాకు వీడ్కోలు చెబుతూ చిన్న వ్యాసం రాసుకుంది. ఇంతకాలం పాఠకుల ముందు పెట్టిన అవే ముఖాల్ని వదిలి, ఎండ మండే దేశం నుంచి చల్లని, మబ్బు పట్టిన చోటికి కొంతకాలం పోవాలన్నది దాని సారాంశం. తన రాతల్ని ఆమె బొమ్మల వరుసగానే తలచుకుందని ఆ వ్యాసం చూపిస్తుంది.

ఎమిలీ, ఆన్‌ల కాగితాలు

1831లో షార్లెట్ రో హెడ్ బడికి వెళ్లాక చిన్న చెల్లెళ్లిద్దరూ అక్కా అన్నల రాజ్యం నుంచి విడిపోయి, పసిఫిక్ సముద్రంలో గోండాల్ అనే ద్వీపాన్ని తమ కోసం కల్పించుకున్నారు. గోండాల్ వచన కథలన్నీ పోయాయి, కొన్ని కవితలు మాత్రం మిగిలాయి. ఆ కథల లోకాన్ని, ఇంటి లోకాన్ని ఒకే చోట చూపే కాగితాలు కొన్ని దొరికాయి. మూడు నాలుగేళ్లకోసారి వాళ్లు ఒక చిన్న కాగితం మీద ఆ రోజు సంగతులు రాసి, రేకు పెట్టెలో దాచేవారు, తర్వాత తీసి చదువుకునేవారు.

1837 జూన్ 26 నాటి కాగితం మీద ఎమిలీ ఒక బొమ్మ గీసింది. బల్ల దగ్గర తానూ ఆన్ కూర్చుని ఉన్నారు, బల్ల మీద కాగితాలు, పెట్టె ఉన్నాయి. రాతలో గోండాల్ చక్రవర్తుల వార్తలు, పెద్దమ్మ ఏం కుడుతోంది, నాన్న ఎక్కడున్నాడు అన్న మాటలు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. 1845 జూలై కాగితం మీద ఎమిలీ తన చిన్న గదిలో ఒళ్లో బల్ల పెట్టుకుని రాస్తున్న తన బొమ్మే వేసుకుంది, పక్కన కుక్క ఉంది. అప్పటికి 'వుదరింగ్ హైట్స్' అచ్చుకు రెండేళ్ల దూరంలో ఉంది.

ఎమిలీ ప్రాణులను నిజంగా చూసి గీసింది. 1838లో ఇంటి కుక్క కీపర్ బొమ్మ, 1841లో తాను పెంచిన డేగ జాతి పక్షి బొమ్మ వేసింది. వాటిలో అందం చేర్చే ప్రయత్నం లేదు. బరువైన తల, మొరటు బొచ్చు, కాపలా కళ్లు ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. ఆమె నవలలో కుక్కలు, మనుషులు కూడా అలాగే కనిపిస్తారు. ఆన్ చెట్లను, సముద్రాన్ని గీసింది. 1839లో ఆమె వేసిన పెన్సిల్ బొమ్మలో ఒక యువతి వీపు మనవైపు పెట్టి, కంటికి చేయి అడ్డం పెట్టుకుని, సముద్రం మీద ఉదయించే సూర్యుణ్ణి చూస్తోంది. ఇల్లు దాటి బతుకు వెతుక్కునే స్త్రీ ఆన్ నవలలు రెండింటికీ మూలం.

తమ్ముడు వేసిన ముగ్గురు

బ్రాన్‌వెల్ బొమ్మల్లో అన్నిటికంటే పేరుబడ్డది సుమారు 1834లో వేసిన తైలవర్ణ చిత్రం. అప్పుడతనికి పదిహేడేళ్లు. ఎడమ నుంచి ఆన్, ఎమిలీ, షార్లెట్. ఎమిలీకీ షార్లెట్‌కూ నడుమ ఒక స్తంభం ఉంది. మొదట అక్కడ అతను తననే వేసుకున్నాడు, తర్వాత పైన రంగు పూసి స్తంభం చేశాడు. కాలం గడిచేకొద్దీ పై రంగు పలుచబడి లోపలి మనిషి ఆకారం మసకగా బయటపడింది. చిత్రకారుడిగా అతని నైపుణ్యం తక్కువేనని, పోలికలు మాత్రం బాగా కుదిరాయని ఆ బొమ్మను చూసిన గాస్కెల్ అభిప్రాయపడింది.

1855లో షార్లెట్ చనిపోయాక, 1861లో తండ్రి కూడా పోయాక ఆమె భర్త ఆర్థర్ బెల్ నికల్స్ ఆ కాన్వాసును మడిచి ఐర్లండుకు తీసుకెళ్లాడు. 1914లో అతని రెండో భార్యకు అది అలమారు పైన దొరికింది. మడతల గీతలు పోనివ్వకుండానే లండన్‌లోని నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ దాన్ని ప్రదర్శిస్తోంది. తోబుట్టువుల మరో సామూహిక చిత్రాన్ని నికల్స్ నచ్చక నాశనం చేశాడు. ఎమిలీదని ఎక్కువమంది నమ్మే ఒక పక్కముఖం మాత్రం కత్తిరించి ఉంచాడు. ముగ్గురు నవలాకారిణుల్నీ ఒకేచోట చూపే చిత్రం మిగిలింది తమ్ముడు వేసినదొక్కటే.

నవలల్లోకి వచ్చిన బొమ్మలు

1845 శరదృతువులో ఎమిలీ కవితల నోటు పుస్తకం షార్లెట్ కంటపడింది. 1846లో ముగ్గురూ కర్రర్, ఎల్లిస్, ఆక్టన్ బెల్ అనే మారుపేర్లతో కవితా సంపుటి తెచ్చారు. మొదటి ఏడాదిలో రెండు ప్రతులే అమ్ముడయ్యాయి. నవలలు కూడా రాయసాగారు. రాత్రిపూట భోజనాల బల్ల చుట్టూ తిరుగుతూ ఒకరి రాత మరొకరికి చదివి వినిపించుకునేవారు. చిన్ననాడు బొమ్మల మీద నడిచిన సంభాషణ ఇప్పుడు అధ్యాయాల మీద నడిచింది.

1847 అక్టోబరులో వచ్చిన 'జేన్ ఎయిర్' మొదటి అధ్యాయంలో పదేళ్ల జేన్ తెర చాటున కూర్చుని బ్యూయిక్ పక్షుల పుస్తకం చూస్తూ ఉంటుంది. అక్షరాల కంటే బొమ్మలే ఆమెకు కథ చెబుతాయి. పెద్దయ్యాక ఆమె వేసిన మూడు నీటిరంగు చిత్రాల్ని, ఆమె పనిచేసే ఇంటి యజమాని రోచెస్టర్ పరీక్షగా చూసి ఆమె మనసు లోతును మొదటిసారి గుర్తిస్తాడు. అతని మీద ఆశ పెరుగుతున్నప్పుడు జేన్ తన ముఖాన్ని సుద్దతో ఉన్నదున్నట్టు, పోటీదారు ముఖాన్ని దంతపు పలక మీద అందంగా గీసుకుని, మనసును అదుపు చేసుకుంటుంది.

ఆ నవలలో కుటుంబం బయటపడేది కూడా బొమ్మల కాగితం వల్లే. అనాథ జేన్ మారుపేరుతో ఓ ఊళ్లో తలదాచుకుంటుంది. బొమ్మ గీసేటప్పుడు చేతి కింద వేసుకున్న కాగితం అంచున తన అసలు పేరు పరధ్యానంగా రాస్తుంది. అక్కడి పాస్టరు సెయింట్ జాన్ ఆ అంచు చించుకుపోతాడు. దానివల్ల ఆమెకు చిన్నాన్న నుంచి 20,000 పౌండ్లు వచ్చాయని తెలుస్తుంది. తనను ఆదరించిన సెయింట్ జాన్, డయానా, మేరీ తన సొంత మేనత్త పిల్లలని కూడా తెలుస్తుంది. ఆమె ఆ డబ్బును నాలుగు సమ భాగాలు చేస్తుంది. ఇద్దరు అక్కల్ని పసితనంలో పోగొట్టుకున్న రచయిత్రి, కథానాయికకు అన్నను, అక్కచెల్లెళ్లను ఒక బొమ్మ కాగితం చేత తెప్పించింది.

1847 డిసెంబరులో వచ్చిన 'వుదరింగ్ హైట్స్' ఎర్న్‌షా, లింటన్ అనే రెండు కుటుంబాల రెండు తరాల కథ. కొత్తగా వచ్చిన లాక్‌వుడ్ మంచం పక్క అరలో పాత పుస్తకాలు చూస్తాడు. వాటి అంచుల్లో పాతికేళ్ల కిందటి చిన్నారి కాథరిన్ దినచర్య రాసి ఉంటుంది. ఒక ఖాళీ పేజీ పైన ఇంటి పనివాడు జోసెఫ్‌ను ఎగతాళి చేస్తూ ఆమె గీసిన బొమ్మ ఉంటుంది. రాత పక్కన బొమ్మ, ఇంటి తగాదా పక్కన పిల్లల రహస్య ప్రణాళిక కనిపించే ఆ పేజీ ఎమిలీ, ఆన్‌లు రేకు పెట్టెలో దాచిన కాగితాలకు దగ్గరి పోలిక. నవల తలుపు ఆ పేజీతోనే తెరుచుకుంటుంది.

ఆ కథలో రూపచిత్రాలు వారసత్వపు హక్కుల్లా పనిచేస్తాయి. ఆ కాథరిన్ కూతురి పేరూ కాథరినే. ఈ చిన్న కాథరిన్ మెడలోని లాకెట్టులో ఒక పక్క అమ్మ, ఒక పక్క నాన్న ఉంటారు. రెండు కుటుంబాల మీదా పగబట్టిన హీత్‌క్లిఫ్ వాటిలో నాన్న బొమ్మను గొలుసు నుంచి తెంపి కాలి కింద నలిపేస్తాడు. గోడ మీది పెద్ద కాథరిన్ చిత్రాన్ని తన ఇంటికి తెప్పించుకోవాలనుకుంటాడు. చివరికి అతని పగను ఆపేది కూడా పోలికే. పెద్ద కాథరిన్ మేనల్లుడు హేర్టన్, చిన్న కాథరిన్ ఒకేసారి తలెత్తి చూసినప్పుడు ఇద్దరి కళ్లూ చనిపోయిన కాథరిన్ కళ్లలాగే ఉంటాయి. తరాల మధ్య ముఖం ఎలా దిగివస్తుందో ఇంత కచ్చితంగా గమనించిన నవలలు తక్కువ. ఇంట్లోవాళ్ల ముఖాల్ని చూసి చూసి గీసిన పిల్లల గమనిక ఇది.

1848 జూన్‌లో ఆన్ రెండో నవల 'ది టెనెంట్ ఆఫ్ వైల్డ్‌ఫెల్ హాల్' వచ్చింది. నాయిక హెలెన్ బొమ్మలు గీసి అమ్ముకుంటుంది. పెళ్లికి ముందు ఆమె ఓ బొమ్మ వెనుక ఆర్థర్ హంటింగ్డన్ ముఖం రహస్యంగా గీస్తుంది. అతను దాన్ని చూసి ఆమె ప్రేమను పట్టేస్తాడు. పెళ్లయ్యాక అతను తాగుడులో, వ్యభిచారంలో మునుగుతాడు. ఆమె పారిపోవడానికి దాచుకున్న డబ్బు లాక్కుని, రంగుల్ని, కుంచెల్ని, కాన్వాసుల్ని నిప్పుల్లో వేస్తాడు. చివరికి కొడుకును తీసుకుని తప్పించుకుని, సొంత పేరు దాచి, తప్పుడు ఊరి పేరు పెట్టి ఆమె బొమ్మలు లండన్‌కు పంపుతుంది. 1870 చట్టం వచ్చేవరకు ఇంగ్లాండులో పెళ్లయిన స్త్రీ సంపాదన కూడా భర్తదే. ఆన్ అలంకారంగా నేర్చుకున్న విద్యను తన నాయికకు బతుకుతెరువుగా, విడుదలగా ఇచ్చింది.

పతనాన్ని దగ్గర నుంచి చూసినవాళ్లు

హంటింగ్డన్ పతనానికి నమూనా ఇంట్లోనే ఉంది. బ్రాడ్‌ఫర్డ్ తర్వాత బ్రాన్‌వెల్ రైల్వేలో గుమాస్తాగా చేరాడు. లెక్కల్లో 11 పౌండ్లకు పైగా తేడా రావడంతో 1842లో ఉద్యోగం పోయింది. ఆన్ గవర్నెస్‌గా ఉన్న థార్ప్ గ్రీన్ ఇంట్లోనే 1843లో అతనికి ట్యూటర్ పని దొరికింది, 1845లో అదీ పోయింది. తర్వాత మద్యం, నల్లమందు అతన్ని తినేశాయి. ఆ మూడేళ్లలోనూ అతను గీయడం మానలేదు. మిత్రుడైన శిల్పి జోసెఫ్ లేలండ్‌కు రాసిన ఉత్తరాల్లో ఉరితాడు, మృత్యువు, మంటల్లో తాను ఉన్నట్టు బొమ్మలు వేశాడు. దుర్వినియోగమైన ప్రతిభ ఫలితాన్ని ఆన్ చాలాకాలం దగ్గర నుంచి చూసి, దాన్ని రాయడం తన ధర్మమనుకుందని 1850లో షార్లెట్ వివరించింది.

1848 సెప్టెంబరు 24న బ్రాన్‌వెల్ చనిపోయాడు. అక్కచెల్లెళ్ల నవలలు అచ్చయ్యాయని అతనికి చివరిదాకా తెలియదని షార్లెట్ ఓ ఉత్తరంలో రాసింది. అదే డిసెంబరులో ఎమిలీ, మరుసటి మే నెలలో ఆన్ వెళ్లిపోయారు. ఎనిమిది నెలల్లో షార్లెట్ ఒంటరిగా మిగిలింది.

ఈ చావులకు ముందు, 1848 మార్చిలో ప్రచురణకర్తల తరఫున విలియమ్స్, 'జేన్ ఎయిర్' కొత్త ముద్రణకు ఆమే బొమ్మలు వేయాలని అడిగాడు. ఒకప్పుడు గీయడం తనకు వచ్చనుకున్నానని, పాత బొమ్మలు తీసి చూసుకుంటే వాటిలో విలువ కనిపించలేదని ఆమె ఒప్పుకోలేదు. అచ్చు బొమ్మల నకళ్లలో ఆమెకు సొంత గీత దొరకని మాట నిజమే. ఆ సాధన ఇచ్చిన చూపు మాత్రం నవల నిండా ఉంది.

మిగిలిన కాగితాలు

బ్రాంటీ సొసైటీ 1893లో ఏర్పడింది. 1928లో ఆ రాతి ఇల్లు మ్యూజియం అయింది. పిల్లల చిట్టి పుస్తకాలు ఒక శతాబ్దంలో ప్రపంచమంతా చెదిరిపోయాయి. 2019లో సొసైటీ ప్యారిస్ వేలంలో 'యంగ్ మెన్స్ మ్యాగజైన్' సంచిక ఒకటి 6 లక్షల యూరోలకు కొని హావర్త్‌కు తెచ్చింది. 2022లో పదమూడేళ్ల షార్లెట్ చేసిన చిట్టి కవితల పుస్తకాన్ని ఒక బ్రిటిష్ దాతృ సంస్థ 12.5 లక్షల డాలర్లకు కొని మ్యూజియానికి ఇచ్చింది.

ఆ కాగితాలు నిలిచాయి కాబట్టే నాలుగు నవలల మూలం ఇంత స్పష్టంగా కనిపిస్తోంది. కుటుంబ నవల రాయడానికి కావలసిన మొదటి శక్తి సొంతవాళ్లను పట్టి చూడగలగడం. ఆ శక్తిని ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఇచ్చింది ఒక తమ్ముడి పటం, ఒక అక్క చేసిన చిట్టి పుస్తకం, ఒక చెల్లెలు అంచున గీసిన బొమ్మ. చిత్రకారుడు కావాలని ఇల్లంతా ఆశపడ్డ బ్రాన్‌వెల్ ఓడిపోయాడు. అయినా అతనితో కలిసి గీసిన ఆ ఇరవై ఏళ్లు లేకుండా 'జేన్ ఎయిర్' గానీ 'వుదరింగ్ హైట్స్' గానీ ఇప్పుడున్న రూపంలో ఉండేవి కావు. సాహిత్య చరిత్ర రాసేవాళ్లు ఇళ్లలోని పిల్లల బొమ్మల్ని కూడా ఆధారాలుగా చూడాలి. ఇళ్లవాళ్లు వాటిని పారేయకుండా దాచాలి.